అంబలి కుండా, యల్లాప్రగడ వారి నీలిరంగూ



పాలలో పనిచేసే ఎంజైముల గురించి, వాటి మీద పనిచేసిన శాస్త్రవేత్తల గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లకు పైగా పాల పరీక్షల మధ్యే బతికినవాణ్ణి కాబట్టి ప్రసంగం రాయడం సులువే అనుకున్నాను. పాలు కాచడం, తోడు వేయడం, చీజ్ చేయడం అంటూ వరసగా రాసుకున్నాను కూడా. రాసిందంతా ఒకసారి చదువుకుని ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. పాల ఎంజైముల గురించి నేను నేర్చుకున్న పెద్ద పాఠం ప్రయోగశాలలో దొరకలేదు. అరకు లోయలో, ఆవు పాలు పిండని ఒక ఇంటి అరుగు మీద దొరికింది. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కిందటి మాట. వానాకాలం. శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వైపు వెళ్లాం. పాడి గురించి, పిల్లలకు పాలు పట్టడం గురించి ఊళ్లలో చెప్పి రావాలని మా ప్రయాణం. ఒక ఊళ్లో ఒక ముసలమ్మ ఇంటి ముందు రెండు ఆవులు, ఒక దూడ కట్టి ఉన్నాయి. పూటకు ఎన్ని పాలు ఇస్తాయని అడిగాను. ఆవిడ నవ్వింది. పాలు దూడవి, వాటి మీద మనకు హక్కేమిటని తిరిగి నన్నే అడిగింది. ఆవు ఉన్నది దున్నే ఎద్దును కనడానికి, పొలానికి పేడ ఇవ్వడానికి. ఆవిడ లెక్క అది. తూర్పు కనుమల్లో చాలా ఆదివాసీ సముదాయాల్లో పూర్వం నుంచీ ఇదే పద్ధతి. పశువుల మందలు కాయడమే వృత్తిగా ఉన్న గౌడువాళ్ల లాంటివారిని మినహాయిస్తే, పాలు పిండి తాగడం ఈ కొండల్లో పాత అలవాటు కాదు.

మాటలయ్యాక ఆవిడ లోపలికి వెళ్లి ఆనపకాయ బుర్రలో చోడి (రాగి) అంబలి తెచ్చి ఇచ్చింది. కొంచెం పుల్లగా, చల్లగా ఉంది. తాగాను. తాగి, పిల్లలకు పాలు ఎందుకు పట్టాలో ఆవిడకు పాఠం చెప్పాను. చెప్పాల్సింది చెప్పానన్న తృప్తితో కొండ దిగాను. ఆ అంబలి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాల శాస్త్రం చదివిన మనిషిగా ఆ రోజు నేను చేసిన తప్పు అది.

ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు ఒక ఎంజైము గురించి చెప్పాలి.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఆవు పాలలో ఇంచుమించు 10 గ్రాముల దాకా ఉంటుంది. ఆ చక్కెర ఉన్నది ఉన్నట్టుగా ఒంటికి పట్టదు. దాన్ని రెండు ముక్కలుగా కోయాలి. ఒక ముక్క గ్లూకోజ్, రెండోది గెలాక్టోజ్. ఈ కోసే పని చేసే ఎంజైము లాక్టేస్. మన చిన్నపేగు లోపలి గోడ మీద వెల్వెట్ గుడ్డకు ఉన్నట్టు సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగు కొసల్లో లాక్టేస్ ఉంటుంది. పుట్టిన దాదాపు ప్రతి బిడ్డకూ అది పుష్కలంగా ఉంటుంది, ఎందుకంటే తల్లిపాలలో ఉన్నదీ లాక్టోజే. తల్లిపాలు మానాక చాలామందిలో ఆ ఎంజైము క్రమంగా తగ్గిపోతుంది. ప్రపంచ జనాభాలో ఎక్కువమంది సంగతి ఇదే. అది జబ్బు కాదు, లోపమని సిగ్గుపడాల్సిన పనీ లేదు. కోయబడని లాక్టోజ్ పెద్దపేగులోకి జారి, అక్కడి సూక్ష్మజీవులకు మేతవుతుంది. అప్పుడే కడుపు ఉబ్బరం, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు.

మరి కొందరు జీవితమంతా చెంబుడు పాలు తాగి ఎలా అరిగించుకుంటారు? దీని మీద మన హైదరాబాద్‌లోనే మంచి పని జరిగింది. జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వినోదినీ రెడ్డి, జితేందర్ పర్షాద్ భారతీయుల్లో లాక్టేస్ లోపం గురించి 1972లోనే పరిశోధన ప్రచురించారు. తరవాత 40 ఏళ్లకు, హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి దేశం నలుమూలలా రెండు వేలకు పైగా మంది డి.ఎన్.ఎ.ను పరిశీలించారు. పెద్దయ్యాక కూడా లాక్టేస్‌ను నిలిపి ఉంచే జన్యు మార్పు ఒకటి యూరప్ ప్రజల్లో ఉంది. సరిగ్గా అదే మార్పు మన దేశంలోనూ ఉందని 2012లో వెలువడిన ఆ పరిశోధన చూపింది. వాయవ్య భారతంలో, పశువుల కాపరుల్లో అది ఎక్కువ. తూర్పుకు, దక్షిణానికి వచ్చేకొద్దీ తక్కువ. అంటే పాలు అరగడం అన్నది తరతరాలుగా పాలు తాగిన వంశాల్లో నిలదొక్కుకున్న గుణం. పాలు తాగని వంశాల్లో అది పెరిగే అవకాశమే రాలేదు. ఆ ముసలమ్మ ఇంటి ఆచారాన్ని నేను తెలియనితనం అనుకున్నాను. ఆవిడ పూర్వీకుల పొట్టకు, వాళ్ల తిండికి మధ్య కుదిరిన పొత్తు అది అని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు మన గోదావరి జిల్లా మనిషి ఒకాయన గురించి చెప్పాలి. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. తూర్పు కనుమలను చీల్చుకుని గోదావరి మైదానంలోకి దిగే చోటికి దిగువనే కదా రాజమండ్రి. ఆ కొండలకూ ఈయన జీవితానికీ సంబంధం ఏమిటని అడుగుతారేమో. సంబంధం పేగులో ఉంది.

ఆ రోజుల్లో గ్రహణి అనే రోగం మన ప్రాంతంలో మనుషులను పీల్చి పిప్పి చేసేది. ఇంగ్లీషు వైద్యులు దాన్ని స్ప్రూ అనేవారు. ఇందాక నేను చెప్పిన పేగు నూగు ఆ రోగంలో అరిగి చదునైపోతుంది. నూగు పోతే కొసల్లో ఉండే లాక్టేస్ పోతుంది. పాలు అరగవు. తిన్నదేదీ ఒంటపట్టదు. రక్తం విరిగిపోతుంది. సుబ్బారావు గారి ఇద్దరు సోదరులను ఆ రోగమే పొట్టన పెట్టుకుంది. ఆయనకూ వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. తోడబుట్టినవాళ్లను మింగిన రోగం ఏమిటో, దానికి మందేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనను వదల్లేదు.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకుని తిరిగినందుకు ఆయనకు పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు ఇచ్చారు. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ తరవాత బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే కొలువు. అలా మొదలైంది ఆ పరిశోధన జీవితం.

ఆయన తొలి పెద్ద పని ఒక రంగు. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి, రక్తంలోనూ కండరంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో ప్రచురించారు. పరీక్షించాల్సిన ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, దానికి మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. వినడానికి చిన్న సంగతి. కాని జీవకణంలో ఎంజైములు చేసే పనుల్లో చాలా వరకు ఫాస్ఫేటును తగిలించడమో, విడదీయడమో. ఆ నీలిరంగుతో ఆ పనిని కంటితో చూసి లెక్క కట్టే వీలు దొరికింది. అదే పద్ధతితో ముందుకు వెళ్లి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరవాత కణానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని ఫిస్క్, సుబ్బారావు గుర్తించారు. వందేళ్లు దాటినా ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరు విద్యార్థుల ప్రయోగ పుస్తకాల్లో ఉంది. నేను మొదటిసారి ఆ నీలిరంగు చూసిన రోజు, పరీక్ష నాళిక పట్టుకుని మా ఊరికి పది ఊళ్ల అవతల పుట్టిన మనిషి పేరు దీనికి ఉందా అని కాసేపు అలాగే నిలబడిపోయాను.

రెండో పని చీజ్‌లో బతికే ఒక సూక్ష్మజీవితో జరిగింది. ఇది పాలవాళ్లమైన మాకు ఇంకా దగ్గరి సంగతి.

గ్రహణిలోనూ, గర్భిణుల్లోనూ వచ్చే ఒక రకం రక్తహీనతకు కాలేయంలో, ఈస్టులో ఏదో మందు ఉందని అప్పటికే తెలుసు. లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, పేద గర్భిణులకు ఈస్టు సారం ఇచ్చి ఆ రక్తహీనతను తగ్గించింది. ఆ సారంలో ఉన్న పదార్థం ఏమిటో మాత్రం తెలియలేదు. దాన్ని వెతికి పట్టుకోవడానికి దొరికిన సాధనం లాక్టోబాసిల్లస్ కేసియై అనే సూక్ష్మజీవి. లాటిన్‌లో చీజ్‌ను కేసియస్ అంటారు. పాలలో, చీజ్‌లో బతుకుతుంది కాబట్టి దానికా పేరు. దాని పెరుగుదలకు తెలియని పదార్థం ఒకటి కావాలని 1940లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు.

పద్ధతి ఇది. ఆ సూక్ష్మజీవికి కావలసిన మేతంతా నాళికలో పెడతారు, ఆ ఒక్క పదార్థం తప్ప. అప్పుడది పెరగదు. కాలేయం సారం చుక్క వేస్తే పెరుగుతుంది, పెరిగి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. క్షారం చుక్క చుక్కగా వేస్తూ ఎంత పులిసిందో కొలుస్తారు. ఎంత పులిస్తే అంత మందు ఉన్నట్టు. శ్రోతలారా, పల్లెలో పాల సేకరణ కేంద్రం దగ్గర పాలు పులిశాయా లేదా అని గులాబీ రంగు వచ్చేదాకా చుక్కలు వేస్తూ చేసే పరీక్ష చూశారా? ఆ పరీక్షే. పాలవాడు పాలు పాడయ్యాయో లేదో చూసే కొలతతోనే ఒక విటమిన్‌ను వేటాడారు.

1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడి పరిశోధనకు ఆయన సారథి. ఆయన బృందం కాలేయం నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి, 1945లో దాన్ని రసాయనశాలలో తయారు చేసింది. దాన్ని వాళ్లు పిలిచిన పేరు ఎల్. కేసియై ఫ్యాక్టర్. మనకు తెలిసిన పేరు ఫోలిక్ ఆమ్లం. గ్రహణి రోగులకు ఇస్తే విరిగిన రక్తం మళ్లీ పట్టింది. ఇద్దరు సోదరులు పోయిన ఇంటినుంచి వచ్చినవాడు, ఆ రోగానికి మందు తయారైన ప్రయోగశాలకు నాయకుడై నిలిచాడు. ఆ ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని కొంచెం మార్చి, కణంలోని ఎంజైమును అడ్డగించే మందులనూ అదే బృందం చేసింది. ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఆ సంతతిదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, స్వదేశానికి తిరిగి రాకుండానే ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మళ్లీ అరకు వెళదాం. పాడేరులోనో, హుకుంపేటలోనో, అనంతగిరిలోనో ఏ ఆరోగ్య కేంద్రానికైనా వెళ్లి గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్ర చూడండి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఈ కొండల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బులో ఎర్రకణాలు తొందరగా విరిగిపోతాయి, కొత్తవి పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అందుకే ఆ జబ్బున్న పిల్లలకు డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్ర రాస్తారు. భీమవరం బిడ్డ చేసిన పని ఆశా కార్యకర్త సంచీలో పడి రోజూ కొండ ఎక్కుతోంది.

ఇక ఆయన నీలిరంగు సంగతి. దానికి ఆ ముసలమ్మ ఇచ్చిన అంబలి దగ్గరికి పోవాలి.

చోళ్లలో కాల్షియం బాగా ఉంటుంది. పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగానే. 100 గ్రాముల ఆవు పాలలో ఉండేది 120 ప్రాంతం. ఎండు గింజనూ నీళ్లున్న పాలనూ నేరుగా పోల్చకూడదు, నిజమే. అంబలిలో నీళ్లు కలుస్తాయి. అయినా పాలు లేని ఇంట్లో ఇది చిన్న ఆస్తి కాదు. అయితే ఒక చిక్కుంది. గింజ తన ఫాస్ఫరస్‌ను ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. ఆ ఆమ్లం ఇనుమును, జింకును, కాల్షియంను గట్టిగా పట్టుకుంటుంది. మనం తిన్నా అవి పూర్తిగా ఒంటికి చేరవు. ఆ పట్టు విడిపించే ఎంజైము ఫైటేస్. అది ఫైటిక్ ఆమ్లం నుంచి ఫాస్ఫేటును ఒక్కొక్కటిగా ఊడదీస్తుంది. గింజ నానితే, మొలకెత్తితే, పిండి పులిస్తే ఈ ఎంజైముకు పని చేసే వీలు కుదురుతుంది. కొంచెం పులుపు దానికి అనువు. రాత్రి పిండి కలిపి ఉంచి, పొద్దున కాచి, చల్లార్చి తాగే అంబలి వెనక ఉన్న రసాయనం ఇదే. కుండలో ఆ పులుపు పుట్టించేవి లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవులు. పాలను పెరుగు చేసేవీ, చీజ్‌లో బతికేవీ వాటి దాయాదులే.

ఫైటేస్ ఎంత పని చేసిందో ప్రయోగశాలలో ఎలా తెలుసుకుంటాం? ఊడిన ఫాస్ఫేటును కొలిచి. దేనితో? ఆ నీలిరంగుతో. 1925లో బోస్టన్‌లో పుట్టిన కొలబద్ద అరకు అంబలి కుండకు సరిగ్గా సరిపోతుంది. సుబ్బారావు గారి రెండు పనులు, ఫాస్ఫేటు రంగూ, పులియబెట్టే సూక్ష్మజీవితో పట్టుకున్న విటమినూ, రెండూ వచ్చి ఆ కుండలోనే కలుస్తాయి. నేను ఆ రోజు తాగి, ఒక్క ప్రశ్నా అడగకుండా వచ్చేసింది ఆ కుండనుంచే.

ఈ మాటలను బట్టి పాలు వద్దని అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. అంగన్‌వాడీల్లో పిల్లలకు, తల్లులకు గుడ్డు, పాలు ఇవ్వడం మంచి పని. కాని పాలు ఇచ్చేటప్పుడు పొట్టను కూడా గుర్తుపెట్టుకోవాలి. లాక్టేస్ తక్కువున్నవాళ్లలో చాలామందికి పాలు కొద్దికొద్దిగా, అన్నంతోనో మరేదైనా తిండితోనో కలిపి ఇస్తే ఇబ్బంది ఉండదు. పెరుగు ఇంకా మేలు. పెరుగులోని సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తాయి, మిగిలినదాన్ని కోయడానికి తమ ఎంజైమును మన పేగులోకి తీసుకువస్తాయి. పాలకు పడని పిల్లవాడికి పెరుగన్నం పెట్టిన తల్లికి ఆ శాస్త్రం పేరు తెలియకపోయినా ఆవిడ చేసింది సరైన పనే. విరేచనాలు పట్టుకున్న పసిపిల్లల్లో పేగు నూగు దెబ్బతిని కొన్నాళ్లు లాక్టేస్ తగ్గుతుంది. అప్పుడు ఆవు పాలు, డబ్బా పాలు సరిపడకపోవచ్చు, డాక్టరును అడగాలి. తల్లిపాలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. ఈ మాట వానాకాలంలో కొండ ఊళ్లలో ప్రతి తల్లి చెవిన పడాలి.

అంబలి ఒక్కటే చాలుననీ నేను అనను. దానికి తోడు పప్పు కావాలి, ఆకుకూర కావాలి, గుడ్డు కావాలి. ఏజెన్సీలో పండే రాజ్మాలో, మునగాకులో, తోటకూరలో ఫోలేట్ ఉంది. రాజ్మా పండించి సంతలో అమ్మేసి, ఇంట్లో పిల్లలకు ఒక గుప్పెడు కూడా మిగల్చని రోజులు చూశాను. అమ్మండి, తప్పదు. ఆ గుప్పెడు మాత్రం ఇంట్లో ఉంచండి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఎర్ర మాత్ర చూరులో దాచకండి, మింగండి. దాని వెనక ఒక తెలుగువాడి జీవితం మొత్తం ఉంది.

చివరగా విద్యార్థులకు ఒక మాట. ముఖ్యంగా కొండ బిడ్డలకు. మీలో బయోటెక్నాలజీ, ఆహార శాస్త్రం చదువుతున్నవాళ్లు ఉన్నారు. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మీ ఇంటి అంబలి కుండలో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో, అవి ఏ ఎంజైములు చేస్తున్నాయో, ఎన్ని గంటలు పులిస్తే ఇనుము ఎక్కువ విడుదలవుతుందో, చోడి రకాన్ని బట్టి ఎలా మారుతుందో, వీటిని మీరే పరిశోధించాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ పండు తొక్క తీశాక గింజకు పట్టుకున్న జిగురు విడిపోయేది కూడా ఇలాంటి పులవడంతోనే. కాఫీకి దక్కిన శ్రద్ధలో కొంత అంబలికీ దక్కాలి. ఆ పని బయటినుంచి వచ్చినవాళ్లు చేస్తే నాలాగే అడగాల్సిన ప్రశ్న అడగకుండా వెళ్లిపోవచ్చు. మీకు ఆ అవ్వ భాష వచ్చు. పిండి ఎప్పుడు కలపాలో, కుండను ఏ మూల పెట్టాలో, కడగకుండా ఎందుకు ఉంచుతారో ఆవిడను అడగగలిగేది మీరే. అడిగి, ఆవిడ చెప్పింది రాసుకుని, ఆ తరవాత ప్రయోగశాలకు రండి. ఫలితం వచ్చిన రోజు ఆ ఊరి పేరు, అంబలి కాచిన తల్లుల పేర్లు ముందు రాసి, మీ పేరు తరవాత రాయండి.

పరీక్ష నాళికలో మీకు నీలిరంగు కనిపించినప్పుడు భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారిని ఒకసారి తలుచుకోండి.